తర్వాత వచ్చిన అంతస్తు

సఫోక్,
14 ఏప్రిల్ 2012

చిరంజీవి క్రిస్పిన్‌కు అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ నా మోకాళ్లు తప్ప అంతా కుదురుగానే ఉంది. బాగుచేయించిన ఇల్లు చూపించినప్పటి నుంచీ ఎలా ఉందో చెప్పమని అడుగుతున్నావు. ఆ రోజు నీ పురాతన కట్టడాల నిపుణురాలు మిస్ పెల్ ముందు ఏమీ అనలేదు. ఇప్పుడు అంటాను.

ముందు మెచ్చుకోవలసినవి. మీ తాతగారు గోడలకు పూయించిన సిమెంటు ఊడదీసి సున్నం వేయించావు. ఆ సిమెంటు వెనక చెమ్మ చేరి ఓక్ స్తంభాల అడుగులు కుళ్లుతున్నాయని అప్పుడే చెప్పాను. "నువ్వు చదివింది లాటిన్ కదే, తాపీపని కాదుగా" అన్నారాయన. వాసాల మీది మసిని తుడవనివ్వకపోవడం ఇంకా మంచి పని. ఇల్లు కట్టిన నాడు పొయ్యి హాలు నడుమ నేల మీదే ఉండేదని చెప్పే సాక్షి ఆ మసి ఒక్కటే. అయితే ఇల్లు చూడవచ్చేవాళ్ల కోసం నువ్వు వేయించిన చిన్న పుస్తకం రెండో పేజీలో పొగ "పొగగొట్టం గుండా" పోయేదని అచ్చయింది. అప్పటికి పొగగొట్టం లేదు. పైకప్పు కొసన ఉన్న కంతల్లోంచి పోయేది. దిద్దించు.

ఇక మిగతాది.

ఇల్లు కట్టిన రెండువందల ఏళ్లకు ఎవరో చలికి తాళలేక ఎత్తయిన ఆ హాలుకు నడిమధ్యన చెక్క అంతస్తు వేసి, పైన పడకగది చేసుకున్నారు. నేను కోడలిగా అడుగుపెట్టింది ఆ గదిలోకి. మీ అమ్మ హెస్టర్ పుట్టింది అక్కడే. నీకు అయిదేళ్లప్పుడు ఆమె పోయిందీ అక్కడే. దాన్ని నువ్వు పీకించేశావు. ఎందుకని నిన్ను అడిగితే మిస్ పెల్ జవాబిచ్చింది. "అది అసలు ఇల్లు కాదండీ, తర్వాత వచ్చింది" అంది. తర్వాత వచ్చినవన్నీ పరాయివే అయితే, నాయనా, నేనూ తర్వాతే వచ్చాను. నువ్వు మరీ తర్వాత.

హాలులో నిలబడి తలెత్తి చూశాను. మీ అమ్మ మంచం ఉన్న చోట గాలి ఉంది. వడ్రంగి నెడ్ గూచ్ పక్కకు వచ్చి, "చూట్టానికి చర్చిలాగుందమ్మగారూ, కాపరానికైతే పాదిరిగారు కూడా ఒప్పుకోరు" అన్నాడు. నవ్వాను. అంతస్తు పలకలేం చేశావని అడిగితే, "పొయ్యిలోకేనమ్మా, పురుగు పట్టిన చెక్కని మీ మనవడుగారే అన్నారు" అని తల దించుకున్నాడు.

ఆ గదిలోంచి మిగిలింది గాజుపెట్టెలో పెట్టిన దూలం ముక్క. దాని మీద కన్నీటిచుక్కల ఆకారంలో కాలిన గుర్తులు. ఇల్లు అగ్గిపాలు కాకుండా నాలుగువందల ఏళ్ల కిందటివాళ్లు కొవ్వొత్తితో పెట్టుకున్న రక్షలని మిస్ పెల్ వివరించింది. నువ్వు ఆ గాజును నీ చేతిరుమాలుతో తుడిచావు. మీ అమ్మ సమాధిరాయిని నువ్వలా తుడవగా నేనెన్నడూ చూడలేదు.

ప్రారంభోత్సవానికి రమ్మనీ, ఆ తర్వాత కింది గదిలోనే ఉండిపొమ్మనీ రాశావు. ఒకనాటి బీరు పీపాల కొట్టులో నాకు మంచం వేయించినందుకు సంతోషం. ఈ అద్దె గదులు వదిలి వస్తానో రానో నీ జవాబును బట్టి ఉంటుంది. ప్రశ్న కింద ఉంది.

ఇట్లు,
మీ అమ్మమ్మ
వినిఫ్రెడ్ థర్లో

తా.క. ఆ దూలం ముక్క మీ అమ్మ మంచం తలవైపుది. 1972 చలికాలం, బొగ్గుగనుల వాళ్ల సమ్మెతో కరెంటు పోతున్న సాయంత్రాలు. చెక్క ఇంట్లో కొవ్వొత్తి పెట్టుకుని చదవొద్దని కసిరాను. పదకొండేళ్ల పిల్ల, నా కళ్లలోకి చూస్తూ కొవ్వొత్తి ఎత్తి దూలానికి ఆనించింది. ఒక చోట కాదు, వరసగా. మీరు గాజులో దాచింది ఆ గుర్తులనే. ఆ రోజు మిస్ పెల్ ముందు నిజం చెప్పివుంటే ఆ ముక్క కూడా పొయ్యిలోకి పోయేది. అందుకే నోరు మూసుకున్నాను. ఇప్పుడు నీకూ తెలిసింది. గాజు కింద పెట్టిన వివరాల అట్ట మార్చి ఆమె పేరు రాయిస్తావా, లేక ఇదీ తర్వాత వచ్చిందేనని నెడ్‌ను పిలుస్తావా?

మీ అమ్మ మాట ఒక్కటీ గుర్తు లేదంటుంటావు. ఇది ఉంచుకో. ఇల్లు తగలబెడతావటే అని నేను అరిస్తే, "తగలబడితే ఈ చలైనా తీరుద్ది కదమ్మా" అంది.