స్విచ్ వేస్తే కారని గీజర్

నరసరావుపేట,
5 మే 2025, సోమవారం.

చంద్రవంక గీజర్ల సర్వీస్ సెంటర్, చిలకలూరిపేట, ఇన్‌చార్జి గారికి,

కన్యకాపరమేశ్వరి నమస్కారాలు.

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, పొద్దున మీ నంబరుకు మూడోసారి ఫోన్ చేశాను. ఒక అమ్మాయి తెలుగు కావాలంటే రెండు నొక్కమంది. నొక్కాను. ఫిర్యాదుకు నాలుగు నొక్కమంది. నొక్కాను. ఆ తరువాత సన్నాయి వాయించారు. మా ఇంట్లో పెళ్ళేమీ లేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద పడ్డదానికి ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదని, మా పత్తి విత్తనాల కొట్టు లెక్కలు ముప్ఫై ఏళ్ళు రాసినదాన్ని గనుక నాకు తెలుసు.

మా వెనక బాత్‌రూములో గోడకున్న మీ ఇరవై ఐదు లీటర్ల గీజర్ అడుగున చుక్కలుగా కారుతోంది. కారిన నీళ్ళు స్విచ్ బోర్డుకు జానెడు దూరంలో గోడమీదుగా దిగుతున్నాయి.

మా మనవరాలు ఉజ్వల పురిటికి వచ్చింది. మూడో నెల వెళ్ళేదాకా తల్లీబిడ్డా ఇక్కడే ఉండాలని అనుకున్నాం. గోడ తడి సంగతి అది విశాఖపట్నంలో ఉన్న వాళ్ళ అత్తగారికి ఫోన్‌లో చెప్పేసింది. ఆవిడ, "నీళ్ళూ కరెంటూ ఒకే గోడ మీదున్న ఇంట్లో నా మనవణ్ణి ఉంచను. పద్దెనిమిదిన వచ్చి చూస్తాను. బాగాలేకపోతే ఇద్దర్నీ తీసుకుపోతాను" అన్నారు. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. నా బాధంతా అదే.

కాబట్టి పద్దెనిమిది లోపల కారడం ఆగాలి.

ఇట్లు,
కన్యకాపరమేశ్వరి

తా.క.: కింద బకెట్టు పెట్టాను. ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోస్తున్నాను. మొక్క బాగా చిగురించింది. దీన్ని మీ కంపెనీ చేసిన మేలుగా రాసుకోవద్దు.

*

చిలకలూరిపేట,
7 మే 2025.

గౌరవనీయులైన కన్యకాపరమేశ్వరి గారికి,

సర్వీస్ ఇన్‌చార్జి ముజమ్మిల్ నమస్కరించి రాయునది.

మా సెంటర్‌కు చేతిరాతతో ఉత్తరం రావడం ఇదే మొదలు. ముందు దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తెలియక ఆఫీసంతా చదివాం.

మీరు కంగారు పడవద్దు. గీజర్ పక్కన సేఫ్టీ వాల్వ్ అని చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది. నీళ్ళు కాగినప్పుడు లోపలి ఒత్తిడి పెరగకుండా అది కాసిని చుక్కలు వదులుతుంది. అది దాని ధర్మం. అయినా స్విచ్ బోర్డు దగ్గర తడి మంచిది కాదు కనుక, మా మనిషి వచ్చేదాకా దయచేసి గీజర్ స్విచ్ ఆపి ఉంచండి. మెకానిక్ షబ్బీర్ శుక్రవారం వస్తాడు.

భవదీయుడు,
ముజమ్మిల్

తా.క.: ఆ సన్నాయి హెడ్డాఫీసు వాళ్ళు పెట్టించినది. మేము ఫోన్ చేసినా అదే వాయిస్తారు.

*

నరసరావుపేట,
10 మే 2025.

ముజమ్మిల్ గారికి,

కన్యకాపరమేశ్వరి రాయునది. క్షేమం. గీజర్ మాత్రం కాదు.

స్విచ్ ఆపి ఉంచమని రాశారు. అది ఆపే ఉంది. నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

షబ్బీర్ నిన్న వచ్చాడు. వినయం గల పిల్లవాడు. మజ్జిగ ఇస్తే తాగి గ్లాసు తనే కడిగిపెట్టాడు. ఆ తరువాత బాత్‌రూములోకి వెళ్ళి, నేను చీపురు తెచ్చేలోగా స్విచ్ వేశాడు. అప్పటిదాకా కారుతున్న గీజర్ కాసేపటికి మానేసింది. స్టూలు మీద నిలబడి మెడ నొప్పిపుట్టేదాకా చూశాడు.

"ఏందమ్మమ్మా, చుక్క కూడా రాట్లేదు?" అన్నాడు.

"ఇందాకటిదాకా కారింది నాయనా" అన్నాను.

"నేనొచ్చినాక కారలేదుగా" అన్నాడు. కాగితం మీద 'ఏ లోపమూ లేదు' అని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను, కానీ దాని కిందే 'ఒప్పుకోవడం లేదు' అని రాశాను. అతను వెళ్ళాక స్విచ్ తీసేశాను. పొద్దు గూకేసరికి మళ్ళీ మొదలైంది.

పైగా గీజర్ నిండా నీళ్ళు కాగబెట్టి పోయాడు. దానికి ఎవరు బాధ్యులు?

ఇట్లు,
కన్యకాపరమేశ్వరి

తా.క.: ఉజ్వల అత్తగారు రోజూ ఫోన్ చేసి గోడ ఎలా ఉందని అడుగుతున్నారు. బిడ్డ ఎలా ఉన్నాడని ఆ తరువాత అడుగుతున్నారు.

*

చిలకలూరిపేట,
12 మే 2025.

గౌరవనీయులైన అమ్మగారికి,

ముజమ్మిల్ నమస్కారాలు.

గీజర్ నిండా నీళ్ళు బాగా కాగాయని మీరు రాసినందుకు మా సెంటర్ తరఫున సంతోషం తెలియజేస్తున్నాను. ఆ వాక్యం హెడ్డాఫీసుకు కూడా పంపాను.

ఇక కారడం గురించి బాగా ఆలోచించాం. షబ్బీర్ ఉన్నప్పుడు కారక, వెళ్ళాక కారుతున్నదంటే అది గీజర్ లోపలి నీరు కాకపోవచ్చు. బాగా మరిగే నీళ్ళతో స్నానం చేస్తే ఆవిరి లేచి, గీజర్ అడుగున చేరి, చల్లారాక చుక్కలుగా పడుతుంది. బాలింతకు వేణ్ణీళ్ళు మంచివే, కాదనను. కానీ మీ ఇంట్లో కొంచెం ఎక్కువ వేడి వాడుతున్నట్టున్నారు. గీజర్ కింద గుండ్రటి మీట ఉంటుంది. దాన్ని ఎడమకు తిప్పి వేడి తగ్గించుకోండి. స్నానం అయ్యాక తలుపు తీసి ఉంచండి.

ఎందుకైనా మంచిదని షబ్బీర్ రేపు వచ్చి సేఫ్టీ వాల్వ్ కూడా మార్చేస్తాడు.

భవదీయుడు,
ముజమ్మిల్

తా.క.: కొన్ని గీజర్లు మెకానిక్‌ను చూస్తే కారడం మానేస్తాయని మా ఆఫీసులో సీనియర్లు అంటున్నారు. నేను నమ్మను. అయినా షబ్బీర్‌ను యూనిఫాం లేకుండా రమ్మన్నాను.

*

నరసరావుపేట,
14 మే 2025.

ముజమ్మిల్ గారికి,

వేడి తగ్గించుకోమని రాశారు. మే నెలలో నరసరావుపేటలో వేడి తగ్గించే మీట మీ దగ్గరుంటే నా ఒక్కదానికే కాదు, ఊరందరికీ పంపండి. ఆవిరి అన్నారు. ఈ ఇంట్లో శివరాత్రి తరువాత ఇడ్లీ పాత్రలో తప్ప ఆవిరి ఎవరూ చూడలేదు.

షబ్బీర్ నిన్న చారల చొక్కాలో వచ్చాడు. వాల్వ్ మార్చాడు. నేను వద్దంటున్నా మళ్ళీ స్విచ్ వేశాడు. మళ్ళీ కారడం ఆగింది. ఈసారి ఆగినట్టు ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నాడు. సాయంత్రం మళ్ళీ కారింది.

ఇది కోర్టులున్న ఊరు కనుక నేనూ సాక్ష్యం సిద్ధం చేశాను. పక్కింటి జైనాబ్ బీని పిలిచి, కారుతుండగా చూపించి, పంచనామా రాసి, ఆవిడతో సంతకం పెట్టించాను. నకలు జత చేశాను. అందులో ఉన్నది ఇంతే: స్విచ్ వేస్తే కారదు, తీస్తే కారుతుంది. మీ షబ్బీర్‌కూ ఆ గీజర్‌కూ ఏదో ఒప్పందం ఉందని జైనాబ్ బీ అనుమానం. అది పంచనామాలో రాయలేదు.

ఆదివారం ఉజ్వల అత్తగారు దిగుతున్నారు. ఉజ్వల ఈ రెండు రోజులుగా బట్టలు మడతపెట్టి ఒకచోట పెట్టుకుంటోంది. ఎందుకే అంటే ఊరికే అంటోంది. బిడ్డ ఇప్పుడిప్పుడే నా గొంతు వింటే తల తిప్పుతున్నాడు. నేను ఇంతకన్నా రాయను.

ఇట్లు,
కన్యకాపరమేశ్వరి

తా.క.: షబ్బీర్ వెళ్ళాక జైనాబ్ బీ నన్ను అడిగింది: "మే నెలలో గీజర్ స్విచ్ వేశాడా? వాడికేమన్నా మతి పోయిందా ఏంది అక్కా?" నాకూ అదే అనిపించింది. తెల్లారుజామున మోటారు వేసి, చల్లటి బోరు నీళ్ళతో గీజర్ నింపుకుంటాం. బయటి వేడి లోపలికి పోదు గనుక అవి చల్లగానే ఉంటాయి. పది అయ్యేసరికి మిద్దె మీది ట్యాంకు నీళ్ళు కుళాయిలో చెయ్యి పెట్టనివ్వవు. ఆ వేణ్ణీళ్ళలో గీజర్‌లోని చన్నీళ్ళు కలిపి పసివాడికి గోరువెచ్చగా పోస్తాం. చుక్క కారినకొద్దీ పైనుంచి ఆ వేడి నీళ్ళే గీజర్‌లోకి దిగి చల్లదనం కాస్తా పోతోంది. ఎండాకాలం గీజర్ ఉన్నది చన్నీళ్ళకు కాకపోతే ఇంకెందుకు? ఇంత చిన్న సంగతి గీజర్లు అమ్మేవాళ్ళకు తెలియదా?

*

చిలకలూరిపేట,
15 మే 2025.

పూజ్యులైన మామ్మగారికి,

ముజమ్మిల్ పాదాభివందనాలు.

మీ తాజా కలం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. షబ్బీర్‌కు చదివి వినిపిస్తే వాడు కూర్చుండిపోయాడు.

మీ గీజర్‌కు ఏమైందో ఇప్పుడు తెలిసింది. అడుగున మూతకూ ట్యాంకుకూ మధ్య రబ్బరు వాషర్ ఒకటుంటుంది. మన పల్నాటి నీళ్ళలో సున్నం ఎక్కువ. అది పేరుకుని వాషర్ గట్టిపడింది. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని సందు ఇస్తుంది. నీళ్ళు కాగితే ఉబ్బి సందు మూసుకుంటుంది. మేము ప్రతిసారీ కాగబెట్టి చూశాం. మీరు ప్రతిసారీ చల్లగా వాడారు. మనమిద్దరం రాసింది నిజమే, చూసిన గీజరే వేరు.

శనివారం షబ్బీర్ కొత్త వాషర్‌తో వస్తాడు. మెయిన్ ఆపి, మూత విప్పి, సున్నం గోకి, వాషర్ మారుస్తాడు. చల్లటి నీళ్ళు నింపే పరీక్షిస్తాడు. ఆ స్విచ్ ముట్టుకోనని నా ముందు ఒట్టు పెట్టాడు.

మీ ఆశీస్సులు కోరుతూ,
ముజమ్మిల్

తా.క.: మా ఫారంలో 'నీళ్ళు కాగుతున్నాయి', 'కాగడం లేదు' అని రెండే గడులున్నాయి. మీ కేసుకు మూడో గడి నేనే గీసి 'కాగకూడదు' అని రాశాను. హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసి నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు.

*

నరసరావుపేట,
20 మే 2025, మంగళవారం.

చిరంజీవి ముజమ్మిల్‌కు,

కన్యకాపరమేశ్వరి ఆశీర్వదించి రాయునది.

శనివారం షబ్బీర్ చెప్పిన వేళకు వచ్చాడు. మూత విప్పితే లోపలినుంచి నాపరాయి పెళ్ళల్లాంటి సున్నం తట్టెడు రాలింది. వాషర్ మార్చి, చన్నీళ్ళు నింపి, కింద పొడి కాగితం పరిచి వెళ్ళాడు. మర్నాటికీ కాగితం పొడిగానే ఉంది. ఈసారి అతని కాగితం మీద నేను మారుమాట లేకుండా సంతకం పెట్టాను.

ఆదివారం పొద్దున ఉజ్వల అత్తగారు దిగారు. చెప్పులు విడవగానే బాత్‌రూములోకి వెళ్ళి, అరచేత్తో గోడంతా తడిమి, చీర కొంగుతో తుడిచి చూసుకున్నారు. కొంగు పొడిగా ఉంది. ఉజ్వల మడతపెట్టిన బట్టలు మళ్ళీ బీరువాలో సర్దేసింది. నేను వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా కొంచెం చక్కెర నోట్లో వేసుకున్నాను.

రాత్రంతా రైల్లో వచ్చారు కదా, స్నానం చేయండి అన్నాను. వెళ్ళారు. గంట దాకా బయటికి రాలేదు. పడిపోయారేమోనని ఉజ్వల తలుపు కొట్టింది. "వస్తున్నానమ్మా" అని లోపలినుంచి తీరిగ్గా వినిపించింది. వచ్చాక తల తుడుచుకుంటూ, "మా విశాఖలో మే నెలలో ఇంత చల్లటి నీళ్ళు లేవండీ" అన్నారు.

భోజనాల దగ్గర తన నిర్ణయం చెప్పారు. తల్లీబిడ్డల్ని తీసుకుపోరట. మూడో నెల వెళ్ళేదాకా ఇక్కడే ఉంచుతారట. ఆవిడ కూడా ఉంటారట.

నేను కోరుకున్నది మొదటిదే, నాయనా. రెండోది నేను అడగలేదు.

ఆవిడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి స్నానం చేస్తున్నారు. నిన్న పది గంటలకు గీజర్ కుళాయి విప్పితే పొగలొచ్చే నీళ్ళు వచ్చాయి. బిడ్డ స్నానానికి జైనాబ్ బీ ఇంటి కుండలోంచి నీళ్ళు తెచ్చుకోవలసి వచ్చింది. రాత్రి ఆవిడ వాళ్ళాయనతో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. గురువారం ఆయన కూడా వస్తున్నారు. ఆయనకు ఉక్కపోత అసలు పడదట.

ఆశీస్సులతో,
కన్యకాపరమేశ్వరి

తా.క.: ఇక జరగవలసినవి:

1. గురువారం ఆయన రైలు దిగేలోగా ఇంకో ఇరవై ఐదు లీటర్ల గీజర్ మా ముందు బాత్‌రూములో బిగించాలి.

2. దానికి కరెంటు ఇవ్వకూడదు. వైరు, ప్లగ్గు కోసి షబ్బీర్ తీసుకుపోవచ్చు. సంక్రాంతి చలికి కావాలంటే అప్పుడు అడుగుతాను.

3. వెనక బాత్‌రూము గీజర్ పసివాడికి మాత్రమేనని, పెద్దలు వాడితే గ్యారంటీ పోతుందని, అది కంపెనీ నియమమని షబ్బీర్ హాల్లో నిలబడి, వియ్యపురాలికి వినపడేలా చెప్పాలి.

4. అటువంటి నియమం లేకపోతే బుధవారం లోపల మీరు పెట్టాలి.