మాట బంద్ పెట్టిన ఇంటికి

మా లతక్కకు,

గోడ అవతల ఉన్న మనిషికి ఉత్తరం రాయాల్సి వస్తుందని ఎప్పుడైనా అనుకున్నామా అక్కా? మీ ఇంటితో ఎవరూ మాట్లాడొద్దని, కిరాణాలో ఉప్పు కూడా అమ్మొద్దని, మాట్లాడితే జుర్మానా కట్టాలని ఊరి కమిటీ తరఫున లింబయ్య డప్పు కొట్టి చాటి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఫోన్ చేద్దామంటే మా ఆయన ఆ కమిటీలోనే మెంబరు, నా ఫోన్ రోజూ చూస్తున్నాడు. రాయొద్దని మాత్రం ఎవరూ చాటలేదు కాబట్టి రాస్తున్నాను.

ముందు నా కోపం చెప్పనీ. రాజారాం బావ చేసిన తప్పేంటి? చెరువు కింది మూడెకరాలు డేటా సెంటరుకు ఇవ్వనన్నాడు, అంతే కదా. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడితే చెరకు తీసేసి పసుపు పెట్టుకున్నాం. ఈ చెరువే ఎండిపోతే ఏం పెట్టుకుంటాం, కంపెనీ బోర్డా? కంపెనీ నుంచి వచ్చినాయన కూలర్ ముందు కూర్చొని "పొగ ఉండదు, చప్పుడు ఉండదు, అన్నీ కంప్యూటర్లే" అన్నాడు. ఆ కంప్యూటర్లు వేడెక్కకుండా రోజూ ఎన్ని నీళ్లు కావాలని బావ అడిగితే మాట మార్చి భోజనాల సంగతి ఎత్తాడు. జవాబు లేనివాడికి శాలువా కప్పారు, అడిగినవాణ్ణి వెలివేశారు. పోయిన వారం మీ అత్త భీమవ్వకు జ్వరమొస్తే ఊళ్లో ఒక్క ఆటో కదల్లేదు. మనుషులమేనా మనం?

ఇక అసలు సంగతి. డేటా సెంటరు మీద ఊరివాళ్ల మాట వినడానికి ఆఫీసరు పెట్టే హియరింగులో చూపించడానికి కమిటీ దగ్గర మన మహిళా సంఘం తీర్మానం ఉంది. ఆడవాళ్లందరికీ డేటా సెంటర్ సమ్మతమేనని, కింద ముప్పై నాలుగు సంతకాలు. అందులో నీది కూడా ఉంది అక్కా. ఆ కాగితం నా చేతుల మీదుగానే పోయింది.

మన పద్ధతి నీకు తెలుసు. ఒకరికి పసుపు తవ్వకం, ఒకరికి బీడీలు, ఎవరికీ కూర్చునే తీరిక లేదు. రాగానే ఖాళీ పేజీ కింద సంతకాలు పెట్టి పోతారు, తీర్మానం నేను తర్వాత రాస్తాను. ఆరేళ్లుగా అంతే. ఆ రోజు మీటింగు బడిలో బాత్రూంల గురించి. నేను రాయకముందే శేఖర్ వచ్చి "పుస్తకం ఇయ్యి, చెరువు పూడిక తీసేదానికి సంఘం తీర్మానం కావాల్నట, రాయించుకొస్త" అన్నాడు. మొగుడే కదా అని ఇచ్చాను. తిరిగొచ్చాక చూస్తే ఆ సంతకాల పైన డేటా సెంటర్ అని ఉంది. నిలదీస్తే "నోరు మూస్కో, సంసారం ఖరాబు చేస్కోకు" అన్నాడు. మూసుకున్నాను.

జరిగిందంతా వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. దీనితోనే ఉంది, హియరింగులో ఆఫీసరుకు ఇవ్వు. నేను మాత్రం రాలేను. వస్తే ఆయన నన్ను ఇంట్లో ఉండనివ్వడు.

నీ చెల్లె,
సవిత


సవితకు,

చెల్లె అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ కాగితం తిప్పి పంపుతున్నాను. మీ బావ "గిది సాలు, ఆఫీసరుకు ఇద్దాం" అన్నాడు. నేనే వద్దన్నాను. వెలివేసిన ఇంటిది లేచి కాగితం ఇస్తే ఎవరు నమ్ముతారు, దొంగ కాగితం పుట్టించిందంటారు. ఆ ఖాళీ పేజీ మీద మేం సంతకం పెట్టింది నిన్ను నమ్మి. చెప్పాల్సింది కూడా నువ్వే.

మా అత్తను చున్నీతో నా నడుముకు కట్టుకొని స్కూటీ మీద బోధన్ దవాఖానకు తీసుకుపోతుంటే మీ కిటికీ పరదా కదిలింది. చూశాను. ఇంట్లో ఉండనివ్వడని నువ్వు భయపడుతున్నావు, నన్ను ఊళ్లోనే ఉండనివ్వడం లేదు.

శుక్రవారం పదింటికి, ఎడపల్లి మండలాఫీసు ముందు షామియానాలో హియరింగు. రాకపోతే మళ్లీ రాయకు.

లత


ముప్కాల్‌లో తల్లిగారింట ఉన్న నా చెల్లె సవితకు,

నీ ఫోన్ శేఖర్ దగ్గరే ఉండిపోయిందని, ముప్కాల్ వస్తున్న రాధాబాయి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మొన్న హియరింగులో నువ్వే లేచి మైకు పట్టుకున్నావు. "సంతకాలు నన్ను నమ్మి పెట్టిండ్రు. పైన రాత మాది కాదు. పుస్తకం ఇచ్చింది నేను, తప్పు నాది" అన్నావు. శేఖర్ నీ రెక్క పట్టుకొని గుంజితే, ఇరవై రోజులకు పైగా నన్ను చూసి మొహం తిప్పుకున్న ఈ రాధాబాయే అడ్డం నిలబడింది. "సార్, నేను బడి బాత్రూంలకు పెట్టిన సంతకం. మా చెరువు రాసియ్యలే" అన్నది. ఆ వెనక ఒక్కొక్కరే లేచారు. ఆఫీసరు తీర్మానం పక్కన పెట్టి, హియరింగు మళ్లీ పెడతామని పోయాడు. గెలిచామని అనను, కంపెనీ ఇంకో దారిలో వస్తుంది. కానీ ఆ రోజు నాకు ఊపిరి ఆడింది.

ఆ సాయంత్రమే శేఖర్ నిన్ను బస్సెక్కించాడని తెలిసి ఒళ్లు మండిపోయింది. మీ గేటు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. తిరిగి ఒక్క మాట అనలేదు మహానుభావుడు, నాతో మాట్లాడితే జుర్మానా కదా.

ఇవాళ పొద్దున లింబయ్య మళ్లీ డప్పు కొట్టాడు. లేచిన ఆడవాళ్లందరినీ వెలివేస్తే ఊళ్లో ఎవరూ మిగలరని కమిటీవాళ్లు భయపడ్డారు, అందుకే నీ ఒక్క ఇంటికే మాట బంద్ పెట్టారు. నువ్వు ముప్కాల్‌లో ఉన్నావు. ఆ ఇంట్లో ఉన్నది ఎవరు? కమిటీ మెంబరు శేఖర్! కిరాణాలో పాల ప్యాకెట్ ఇవ్వలేదట. తోటి మెంబర్లే ఎదురుపడితే తల తిప్పుకున్నారట. మధ్యాహ్నం గిన్నె పట్టుకొని మా గడప ముందు నిలబడ్డాడు. వెలి పడ్డ ఇంటితో మాట్లాడేది ఇంకో వెలి పడ్డ ఇల్లే కదా. మీ బావ లోపలికి రమ్మన్నాడు. నేను పాలు పోశాను, పోసి ముప్కాల్ పొమ్మన్నాను.

రేపు మొదటి బస్సుకు అక్కడికి వస్తానన్నాడు. చూడగానే కరిగిపోయి సంచి సర్దుకోకు. ఆ పేజీ మీద ఎవరు రాశారో, ఎవరు రాయించారో ఇంటింటికీ తిరిగి తన నోటితో చెప్తానంటేనే బయలుదేరు. చెప్పనంటే అక్కడే ఉండు, నేనే వచ్చి నిన్ను మా ఇంటికి తెచ్చుకుంటాను.

నీ అక్క,
లత