విచారణలో చెప్పబోయే మాట

అన్నయ్యా,

నీ ఫోను వచ్చినప్పటి నుంచి మనసు మనసులో లేదు. "బిడ్డ గుండె అప్పటికే ఆగిపోయిందని ఒక్క ముక్క చెప్పు, బయటపడతావు" అన్నావు. అబార్షన్లు నిషేధించాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించినవాడివి నువ్వే. అందులో మొదటి సంతకం నాది.

ఆ రోజు మా వార్డుకు వచ్చినామె బట్టలు కుట్టుకుని బతికే మనిషి. ఐదో నెలలోనే ఉమ్మనీరు పోయింది. బిడ్డ దక్కదని తెలుసు. గుండె మాత్రం కొట్టుకుంటోంది కాబట్టి, మన సంతకాలతో వచ్చిన కొత్త చట్టం గర్భం తియ్యడానికి ఒప్పుకోదు. రెండు రోజులు చూశాం. జ్వరం నూట నాలుగు దాటింది.

"ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు సిస్టర్. నన్ను బతికించమని ఇంకా ఎవర్ని అడగాలి?" అంటూ నా చెయ్యి పట్టుకుంది.

డాక్టరమ్మ ఇక ఆగలేదు. నొప్పులు తెప్పించే మందు ఎక్కించింది నేనే.

ఆ చిన్ని గుండె చప్పుడు నా చెవులతో విన్నాను అన్నయ్యా. వినలేదని ఎలా చెప్పను? ఆమె నిన్న తన కాళ్ల మీద నడిచి ఇంటికెళ్లింది. అది మాత్రం ఎలా దాచను?

సోమవారం విచారణలో ఉన్నదున్నట్టు చెబుతాను. ఉద్యోగం పోయినా, జైలుకు పంపినా సరే. నువ్వు తప్పకుండా రావాలి. అంతా విన్నాక కూడా తప్పు నాదే అనిపిస్తే, ఆ మాట అందరి ముందూ నా మొహం చూసి చెప్పు.

నీ చెల్లెలు