తరఫున సంతకం

ఫిబ్రవరి 9

ఇవాళ ఆఫీసులో ప్రింటర్‌ని తన్నాను. ఒక్క తన్ను కాదు, ప్లాస్టిక్ విరిగి ఇంకు నా ప్యాంటు మీద చిందేదాకా తన్నాను. బొటనవేలి గోరు చిట్లింది. స్టాఫ్ అంతా లేచి నిలబడ్డారు. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

నూట పన్నెండు లెటర్లు. ఫ్యాక్టరీ నుంచి నూట పన్నెండు మందిని ఒక్క పూటలో ఇంటికి పంపాలి. ప్రతి లెటర్ కింద ప్లాంట్ మేనేజర్ పేరు ఉంటుంది, ఆయనే సంతకం పెట్టాలి. ఆయన పెట్టనన్నాడు. వీళ్లని ఏరి ఏరి తీసుకున్నది నేను, తియ్యడం నా వల్ల కాదు, కావాలంటే నన్నూ ఆ లిస్టులో వేసుకోండి అని డైరెక్టర్ మొహం మీదే అన్నాడట. అలాంటప్పుడు హెచ్.ఆర్. మేనేజర్ సంతకం చేసి, పక్కన చిన్న అక్షరాల్లో ‘తరఫున’ అని రాయాలి. అంటే నేను.

మొదటి అరవై లెటర్ల మీద రాశాను. తర్వాత చెయ్యి లాగేసింది, టైమూ లేదు. ఆయన పేరు మీద ఉత్త సంతకం గీకుతూ పోయాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

ఫిబ్రవరి 10

రిజైన్ చేశాను. పంతొమ్మిదేళ్లకి రెండు లైన్ల మెయిల్.

మార్చి 2

కెరీర్ కోచింగ్ ఫ్రాంచైజీ తీసుకున్నాను. ట్రైనింగ్ అయిపోయింది. బోర్డు వాళ్లది, కుర్చీల రంగు వాళ్లది, నేను అడగాల్సిన ఇరవై రెండు ప్రశ్నలూ వాళ్లవే. కోచ్ సలహా ఇవ్వకూడదు. ‘వద్దు’ అనే మాట నోట రాకూడదు. క్లయింట్ గోల్ క్లయింట్‌దే. ప్రతి సెషన్ రికార్డవుతుంది. హెడ్డాఫీసులో ఒక మేడమ్ అన్నీ విని మార్కులు వేస్తుంది. మూడుసార్లు డెబ్బై దాటకపోతే దుకాణం కట్టేసుకోవడమే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బావమరిది నవ్వాడు. ఊళ్లో వాళ్ల పళ్లన్నీ రాలగొట్టి ఇప్పుడు కట్టుడు పళ్ల కొట్టు పెడుతున్నావా బావా అన్నాడు. చేతిలో గ్లాసు గోడకేసి కొట్టాను. గాజు ముక్క ఒకటి వాడి చెవి పక్కనుంచి పోయింది. మా ఆవిడ చీపురు తెచ్చి నా చేతికిచ్చింది.

మార్చి 18

మొదటి క్లయింట్. ప్యాకింగ్ సెక్షన్ ఫోర్‌మన్‌గా చేసిన మనిషి. లాండ్రీలో పనిచేసే వాళ్లావిడ వెంటబెట్టుకుని వచ్చింది. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఉలకడు పలకడు, మీరే ఒక దారి చూపించాలి అన్నయ్యా అని చెప్పి, బయట బెంచీ మీద కూర్చుంది.

అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి టేబుల్ మీద పరిచాడు. మా కంపెనీ లెటర్. నా సంతకం. పక్కన ‘తరఫున’ లేదు.

నన్ను అతనెప్పుడూ చూడలేదు. హెచ్.ఆర్. ఆఫీసు ఊరికి ఆ చివర ఉండేది. ప్లాంట్ మేనేజర్ పేరు మీద వేలు పెట్టి చెప్పాడు. ఇరవై ఏళ్లప్పుడు నన్ను పనిలో పెట్టుకున్నది ఈయనే. నా పెళ్లికొచ్చాడు, నా కొడుకుని ఎత్తుకున్నాడు. కనీసం పిలిచి చెప్పకుండా ఇలా గీకి పారేశాడు. ఇంకెవరైనా అయితే పోనీలే అనుకునేవాణ్ణి.

అప్పుడే చెప్పాల్సింది. రికార్డర్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది కదా అందుకే చెప్పలేదని రాసుకోవచ్చు. అబద్ధం. అతని చేతులు చూసి భయపడ్డాను.

మొదటి ప్రశ్న అడిగాను, మీకేం కావాలని. ఈ సంతకం పెట్టిన చెయ్యి విరగ్గొట్టాలి అన్నాడు. గొంతు పెంచలేదు. నాలుగో ప్రశ్న అడిగాను, దానికి మీరు వేయబోయే మొదటి చిన్న అడుగేంటని. ఆలోచించి చెప్తానన్నాడు.

మార్చి 19

మేడమ్ ఫోన్ చేసింది. తొంభై ఒకటి. కొత్త కోచ్‌లందరూ కోపం చూడగానే బెదిరిపోతారు, మీరు భలే నిలబడ్డారండీ అంది. అది కోపం కాదేమో, నిజంగా కొట్టేలా ఉన్నాడు అన్నాను. నవ్వింది. అందరూ మొదట్లో అలాగే అంటారు, కక్కేస్తే తేలికపడతారు అంది.

మార్చి 25

అతని పిడికిళ్ల మీద తోలు లేచిపోయింది. వారం రోజులుగా ఇంట్లో స్టోర్‌రూమ్ గోడని గుద్దుతున్నాడట. మొదటి అడుగు వేశాడు కూడా. ప్లాంట్ మేనేజర్ ఎన్నింటికి బయటికొస్తాడు, కారు ఎక్కడ పెడతాడు, అన్నీ చూసి వచ్చాడు.

తొమ్మిదో ప్రశ్న. గోల్ చేరిన రోజు మీ కళ్ల ముందు ఏం కనిపిస్తుంది? చెప్పాడు. ఏ వేలు ఎటు తిరుగుతుందో, ఉంగరం ఎలా కోసి తియ్యాల్సి వస్తుందో, తాపీగా చెప్పుకుంటూ పోయాడు. నేను నోట్స్ రాసుకున్నాను. నా కుడిచెయ్యి అక్కడే, అతనికి జానెడు దూరంలో, పెన్ను పట్టుకుని ఉంది.

ఒక్క క్షణం సంతోషం వేసింది. విరిగేది నాది కాదని.

సాయంత్రం వాళ్లావిడ ఫోన్. మనిషి తేరుకున్నాడు అన్నయ్యా, కడుపునిండా తింటున్నాడు, మీ మేలు మర్చిపోలేం అంది.

ఏప్రిల్ 1

ఇవాళ నన్నే అడిగాడు. ఇది తప్పంటారా సార్ అని.

ఒక్క మాట చాలు. తప్పు అంటే ఆగిపోయేవాడు. ఆగాలనే అడిగాడు. మొహంలో కనిపిస్తూనే ఉంది. తప్పు అంటే ఎందుకంటాడు. ఎందుకంటే ఆ సంతకం ఆయనది కాదు అనాలి.

మీకేమనిపిస్తోంది అని అడిగాను. మాన్యువల్‌లో పదమూడో ప్రశ్న.

సరే అని లేచాడు.

ఏప్రిల్ 3, సాయంత్రం 4

ప్లాంట్ మేనేజర్ నంబర్ నా ఫోన్‌లోనే ఉంది. రెండుసార్లు నొక్కాను. రింగవకముందే రెండుసార్లూ కట్ చేశాను.

ఏప్రిల్ 4

అయిపోయింది.

నిన్న సాయంత్రం ఐదుంపావుకి, ఫ్యాక్టరీ కార్ పార్కింగ్‌లో. పాత ఆఫీసు అకౌంటెంట్ ఫోన్ చేసి చెప్పాడు. కాలర్ పట్టుకుని కిందకి లాగి, మోకాలు గుండెల మీద పెట్టి, కుడిచెయ్యి కారు తలుపు సందులో పెట్టి మూశాడట. నాలుగుసార్లు. మూసిన ప్రతిసారీ ఆ సంతకం నాది కాదురా అని పెద్దాయన అరిచాడట. నాలుగోసారి అరుపు కూడా లేదు. ఎముక విరిగిన చప్పుడు సెక్యూరిటీ గదిదాకా వినిపించిందట. ఫోర్‌మన్ పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా రక్తంలో ఆయన పక్కనే కూర్చున్నాడు.

ఫోన్ పెట్టేశాక నా కుడిచేతిని గోడకేసి కొట్టాను. సగం బలంతో కొట్టానని నాకు తెలుసు.

ఏప్రిల్ 6

హాస్పిటల్‌కి వెళ్లాను. ప్లాంట్ మేనేజర్‌కి రెండు వేళ్లు తీసేశారు. మిగతావి ఉంటాయో లేదో చెప్పలేమంటున్నారు. తలుపు అద్దంలోంచి చూశాను. ఎడమచేత్తో చెంచా పట్టుకోబోయి ఒంటి మీద పోసుకున్నాడు. ఆయన భార్య తుడుస్తోంది. నన్ను చూశాడు. ఆ సంతకం ఎవరిదో ఆయనకి తెలుసు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మధ్యాహ్నం మేడమ్ ఫోన్. పోలీసులు రికార్డింగులు తీసుకెళ్లారట. మీరు ఒక్క ప్రశ్న కూడా సొంతంగా అడగలేదు, మనకేం భయం లేదండీ అంది. చివరి సెషన్‌కి తొంభై ఆరట.

కుర్చీ ఎక్కి బోర్డు పీకేశాను. అంత తేలిగ్గా రాలేదు. రేకు అంచు అరచేతిలో దిగింది. వీధిలోకి విసిరేసి తొక్కాను. ఇద్దరు ఆగి చూశారు. ఏంట్రా చూస్తున్నారు అని వాళ్ల మీద పడబోయాను.

ఏప్రిల్ 9

జైలుకి వెళ్లాను. మధ్యలో పొడుగాటి టేబుల్, ఇటు నేను, అటు అతను.

చెప్పేశాను. ఆయన పెట్టనన్నాడు, పెట్టింది నేను, ‘తరఫున’ అని రాయడానికి బద్ధకించాను అన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టాలనే చేతులు రెండూ టేబుల్ మీద పెట్టాను.

నా వంక చూడనేలేదు. ఆయన చెప్తూనే ఉన్నాడు, చెప్తూనే ఉన్నాడు అన్నాడు. తర్వాత నుదురు టేబుల్ కేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. గార్డులు ముగ్గురు వచ్చి పట్టుకుంటే గానీ ఆగలేదు. టేబుల్ మీద నా చేతుల మధ్య రక్తం. నా చేతులకేం కాలేదు.

ఏప్రిల్ 10

పోలీస్ స్టేషన్‌లో స్టేట్‌మెంట్ ఇచ్చాను. మొత్తం. కింద సంతకం పెట్టాను. లెటర్ పక్కన పెట్టి చూసి, అచ్చం అదే అన్నాడు ఆఫీసర్.

బయట మెట్ల మీద ఫోర్‌మన్ వాళ్లావిడ. ఎవరో చెప్పినట్టున్నారు. అన్నయ్యా అనలేదు. చెంప మీద కొట్టింది. లాండ్రీలో తడి బరువులెత్తే చెయ్యి. కిందపడ్డాను. లేచి నిలబడ్డాను. మళ్లీ కొట్టింది. మళ్లీ లేచాను.

అలసిపోయి ఆమె కూర్చుండిపోయింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను.