పదేళ్ల చక్రవర్తి

వాటర్లూ, కెనడా,
అక్టోబరు 2023

అనంత్ అన్నయ్యకు,

మన రూపకి ఇక్కడ కస్టోడియన్‌గా, అంటే సంరక్షకురాలిగా, నేను సంతకం పెట్టాల్సిన ఫారం అందింది. "అందరి పిల్లలూ కెనడా వెళ్లిపోతున్నారు, మా మహారాణి అక్కడ బళ్లో చేరితే వెనకే మేమూ వచ్చేస్తాం" అన్నావు.

నేను క్లాసులో చెప్పే రోమ్ చరిత్రలో డయడుమెనియన్ అనే పిల్లాడున్నాడు. తన గద్దె నిలబడాలని తండ్రి వాణ్ణి పదేళ్లు నిండకుండానే చక్రవర్తిని చేశాడు. యుద్ధంలో ఓడిపోగానే, క్షేమంగా ఉంటాడని పరాయి రాజు దగ్గరికి పంపాడు. దారిలోనే పట్టుకుని చంపేశారు. నాణేల మీద వాడి ముఖం ఉంది. వాడు అన్నాడని నమ్మదగ్గ మాట మాత్రం ఒక్కటీ నాకు దొరకలేదు.

ఇదంతా నా చాదస్తమేమో. కానీ నిన్న ఫోన్లో రూప, "అత్తా, నేను రాకపోతే నాన్నకి వీసా రాదా?" అని అడిగింది. పన్నెండేళ్ల పిల్లకి ఏం చెప్పను?

ఫారం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నా. కోపమొస్తే నా మీద చూపించు, పిల్ల మీద కాదు.

నీ చెల్లెలు