టీచర్ కరిచింది

ఏప్రిల్ 4

వచ్చేశారు. ఒక పిల్ల, ఒక బ్యాగు, రెండు బుట్టలు. బుట్టల్లో రెండు పిల్లులు.

పిల్లులొస్తాయని ఆయన నాకు చెప్పలేదు. చెప్పానంటారు. భోంచేసేటప్పుడు చెప్పారట, నేను ఊఁ అన్నానట. రోజంతా నిలబడి కటింగులు చేసొచ్చిన మనిషి భోంచేసేటప్పుడు దేనికైనా ఊఁ అంటుంది. ఇల్లు అమ్మేద్దామన్నా ఊఁ అనేదాన్ని.

బూడిద రంగు దాని పేరు టీచర్. ఎవర్ని చూసినా హోంవర్క్ చెయ్యనివాళ్ళని చూసినట్టే చూస్తుందట. తెల్లది జీరో. పడుకుంటే సున్నా చుట్టినట్టుంటుంది. పేర్లు పెట్టింది పిల్లే. ఆయన కూతురు, పదకొండేళ్ళు. వాళ్ళమ్మ పోయినప్పట్నుంచి అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఈ సెలవులు మా దగ్గర గడుపుతుంది. స్కూళ్ళు తెరిచేలోపు, ఇక్కడే ఉంటుందో అమ్మమ్మ దగ్గరికే వెళ్ళిపోతుందో తనే చెప్పాలి. ఎవరూ అడగకూడదు, బలవంతపెట్టకూడదు. ఆయన నన్ను పెళ్ళి చేసుకోకముందే కూతురికిచ్చిన మాట.

పక్కగదికి నీలం కర్టెన్లు కుట్టించి పెట్టాను. పిల్ల వాటిని చూసి ఏమీ అనలేదు. జీరో వాటిని చూసి పైకెక్కింది.

ఈ పిల్ల ఉండిపోతే బాగుండునని నాకుంది. ఇక్కడ రాసుకుంటున్నాను కాబట్టి సరిపోయింది, పైకి అనలేను. సవతి తల్లి ప్రేమ ఎక్కువ చూపించినా అనుమానమే, తక్కువ చూపించినా అనుమానమే.

నన్ను పిన్ని అని పిలవమని అమ్మమ్మ చెప్పి పంపిందట. పిల్ల అలా పిలవలేదు. అసలేమీ పిలవలేదు. ఏదైనా కావాలంటే నా వెనక నిలబడి దగ్గుతుంది.

ఏప్రిల్ 5

టీచర్ కరిచింది. కుడిచేతి బొటనవేలు.

ఏప్రిల్ 9

ఇవాళ్టి నష్టాలు. ఆయన డ్యూటీ బూట్లలో ఒకదాన్ని జీరో బాత్రూమ్ చేసుకుంది. ఆయనకి కాలు పెట్టాక తెలిసింది. లిఫ్టులు రిపేరు చేసే మనిషి, పదో అంతస్తులో వేలాడమన్నా వేలాడతారు, తడి బూటుకి మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా అరిచారు. తర్వాత వాషింగ్ మెషీన్ మూత తీసి ఉంచితే జీరో వెళ్ళి అందులో పడుకుంది. నేను చూడకుండా బటన్ నొక్కి ఉంటే? ఇకనుంచి లోపల తడిమి చూశాకే మూత వేస్తాను.

టీచర్ అలాంటి చిల్లర పనులు చెయ్యదు. అది కరుస్తుంది, అంతే. అదీ నన్నే. ఒళ్ళోకొచ్చి కూర్చుంటుంది, నిమిరితే కళ్ళు మూసుకుని గుర్‌గుర్‌మంటుంది, హమ్మయ్య అనుకునేలోపు కసుక్కున దిగేస్తుంది. ఆయన్ని కరవదు, ఆయన దాన్ని ముట్టుకోరు కాబట్టి. పిల్ల గంటలు గంటలు నిమిరినా కరవదు. ఇంట్లో అద్దెకి ఉంటున్నది నేనేనేమో అనిపిస్తోంది.

ఇంకోటి కూడా రాయాలి. పొద్దున పిల్ల టిఫిన్ తింటుంటే పక్కనుంచి వెళ్తూ తల మీద చెయ్యి వేశాను. మంచి జుట్టు, ఒత్తైనది, ఎవరో వంటింటి కత్తెరతో కత్తిరించినట్టుంది. చటుక్కున తల పక్కకి లాగేసుకుంది. కాసేపటికి ఎర్ర టోపీ పెట్టుకుని వచ్చింది. ఇంట్లో, ఫ్యాన్ కింద, టోపీ!

రోజుకి పాతిక తలలు పట్టుకునే దాన్ని. ఈ ఒక్క తల నా చేతికి రానంటోంది.

ఏప్రిల్ 16

సెలూన్లో రంగు కలుపుతుంటే పాత గాట్లలోకి మందు దిగి ప్రాణం పోయినంత పనైంది. ఓనరమ్మ చూసింది. ఏమైందంటే టీచర్ కరిచిందన్నాను. కుర్చీలో ఉన్న కస్టమర్ సగం రంగు తలతో వెనక్కి తిరిగి, ఏ స్కూలమ్మా అని అడిగింది. నవ్వలేక చచ్చాం. తర్వాత ఓనరమ్మ నన్ను పక్కకి పిలిచి, నవ్వులకేం గానీ ప్లాస్టర్లేసుకున్న చేతుల్తో తల రుద్దించుకోడానికి ఎవరొస్తారు, జాగ్రత్త అంది. ఆమె అన్నదాంట్లో తప్పులేదు.

ఆయనకి మాత్రం కత్తెర తగిలిందని చెప్తున్నాను. పిల్లి అని తెలిస్తే పిల్లుల్ని అమ్మమ్మ దగ్గరికి పంపేద్దామంటారు. అవి వెళ్తే పిల్ల ఆగదు. ఇన్నేళ్ళ సర్వీసులో కత్తెర తగలని దాన్ని ఇప్పుడు వారానికి మూడుసార్లు కోసుకుంటున్నానంటే, నా పనితనం మీద ఆయనకి ఎంత గౌరవం మిగిలిందో తెలీదు.

ఏప్రిల్ 17

మళ్ళీ. ఈసారి మణికట్టు. కత్తెర అక్కడిదాకా ఎలా వెళ్ళిందని ఆయన అడిగారు.

ఏప్రిల్ 28

లంచాలన్నీ అయిపోయాయి. చేప ముక్కలు పెట్టాను, తిని కరిచింది. ఈకలున్న బొమ్మ కొన్నాను, దాన్ని జీరో ఎత్తుకెళ్ళి ఫ్రిజ్ కిందకి తోసేసింది. ఫోన్లో వీడియోలో ఎవరో చెప్పారని, కరిచినప్పుడు పిల్లిలాగే బుస్సుమన్నాను. టీచర్ నన్ను ఎగాదిగా చూసి తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఇంత అవమానం నాకు అత్తగారింట్లో కూడా జరగలేదు.

కానీ ఒకటి జరిగింది. నేను బుస్సుమన్నప్పుడు తలుపు వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తొంగి చూస్తే ఎర్ర టోపీ. నన్ను చూడగానే మొహం సర్దుకుని, దగ్గి, మంచినీళ్ళు కావాలంది.

రేపు మళ్ళీ బుస్సుమంటాను. అవసరం లేకపోయినా.

మే 6, ఉదయం

చెయ్యి వాచింది. పిడికిలి బిగించలేకపోతున్నాను. ఎడమచేత్తో రాస్తున్నాను, కోడి కెలికినట్టుంది.

మే 6, సాయంత్రం

దొరికిపోయాను. డాక్టరు చూడగానే పిల్లి కాటు అన్నాడు, ఆయన పక్కనే ఉన్నారు. రెండు ఇంజెక్షన్లు, మాత్రలు, వారం రోజులు సెలూన్‌కి వెళ్ళొద్దట.

ఇంటికొచ్చాక ఆయనది ఒకటే మాట. ఆదివారం పిల్లుల్ని అమ్మమ్మ దగ్గర దింపేసి వస్తారట. నీకు అన్నం పెట్టే చెయ్యి అది, దానికన్నా నాకేదీ ఎక్కువ కాదన్నారు. కోపం రావాల్సింది పోయి ఏడుపొచ్చింది.

పిల్ల వింది. గదిలోకి వెళ్ళి బ్యాగు మంచం మీద పెట్టి బట్టలు మడత పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఎంత చక్కగా మడత పెడుతుందో! అమ్మమ్మ నేర్పి ఉంటుంది. గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాను. కస్టమర్లతో మాట్లాడి మాట్లాడి నోరు అరిగిపోయిన దాన్ని, ఉండిపో అనే ఒక్క మాట అనలేకపోయాను!

మే 7

ఆయనతో గొడవ పెట్టుకున్నాను. కరిచింది నన్ను, ఆ చెయ్యి నాది, ఆ పిల్లుల సంగతి చూసుకునేది కూడా నేనే అన్నాను. పిల్లుల్ని పంపితే పిల్లని పంపినట్టే, అది కాదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పమన్నాను. ఆయన తల దించుకున్నారు. ఆ తల దించడంలోనే తెలిసింది, పిల్ల వెళ్ళిపోతుందని నాకున్నంత భయమూ ఆయనకీ ఉంది. బయటికి కనబడనివ్వడం లేదు, మాటిచ్చాడు కదా మహానుభావుడు.

ఆదివారం ప్రయాణం ఆగింది. మరొక్కసారి కరిస్తే మాత్రం నా మాట వినరట.

బ్యాగు ఇంకా మంచం మీదే ఉంది.

మే 11

తెలిసింది! తెలిసిపోయింది!

అమ్మమ్మకి పంపడానికని పిల్ల అప్పుడప్పుడూ దగ్గి నా ఫోన్ తీసుకుని పిల్లుల వీడియోలు తీస్తుంటుంది. చెయ్యి పనిచెయ్యక సోఫాలో పడుండి అవన్నీ ఒక్కొక్కటే చూస్తున్నాను. ఒకదాంట్లో నేనున్నాను. టీచర్ నా ఒళ్ళో ఉంది. తల నుంచి తోక దాకా నిమిరాను, అది కళ్ళు మూసుకుంది. అంతా బాగానే ఉంది. ఆఖర్న నా చెయ్యి తోక దగ్గర్నుంచి వెనక్కి, మెడ దాకా, బొచ్చుకి ఎదురుగా సర్రున నడిచింది. వెంటనే కరిచింది.

ఇంకో వీడియో. అదే. ఇంకోటి. అదే.

లెవెల్ చూస్తున్నాను! పిల్లికి!

కటింగ్ అయ్యాక మేం చేసే పనే అది. మెడ దగ్గర్నుంచి పైకి జుట్టుకి ఎదురుగా వేళ్ళు నడిపితే ఎగుడుదిగుడుగా ఉన్న వెంట్రుకలు లేచి నిలబడతాయి, అప్పుడు సరిచేస్తాం. లెవెల్ చూడకుండా ఇంతవరకూ ఒక్క తలనీ కుర్చీ దింపలేదు. చెయ్యి తనంతట తనే వెళ్తుంది. చేస్తున్నానని నాకే తెలీదు. నిమరడం అయిపోయింది అనుకోగానే లెవెల్ చూసేశాను. పాపం దానికి ఒళ్ళంతా జలదరించి ఉంటుంది, నెల రోజులకి పైగా మర్యాదగా చెప్తూనే ఉంది, పళ్ళతో.

ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. ఆరోజు టిఫిన్ దగ్గర పిల్ల తల మీద చెయ్యి వేశానని రాసుకున్నాను. చెయ్యి వేసి ఊరుకున్నానా?

మే 12

పిల్లని కూర్చోబెట్టి వీడియోలు చూపించాను. తనకి ఎప్పుడో తెలుసట. టీచర్‌కి ఎదురు నిమిరితే పడదని చిన్నప్పట్నుంచీ తెలుసట. మరి నాకెందుకు చెప్పలేదమ్మా అన్నాను. టోపీ అంచు కిందకి లాక్కుని, మీరు కావాలనే చేస్తున్నారనుకున్నాను అంది. అది కరిస్తే, కరిచిందని చెప్పి పంపించెయ్యొచ్చు కదా, అందుకని.

ఆ మాట నాకు సూదిలా దిగింది. పదకొండేళ్ళ పిల్ల ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఆ అనుమానంతో అన్నం తిన్నదా!

కాదన్నాను. నా వృత్తి రోగం అన్నాను. పిల్లకి నమ్మకం కుదరకపోతే, ఆయన సోఫాలో కునుకు తీస్తుంటే వెళ్ళి ఆయన తల నిమిరి చూపించాను. చెయ్యి మెడ దగ్గర్నుంచి సర్రున పైకెళ్ళింది, మూడు వెంట్రుకలు ఎగుడుదిగుడు. ఆయన నిద్రలోనే, ఇంకా అవలేదా కటింగ్ అన్నారు. పిల్ల నోరు మూసుకుని గదిలోకి పరుగెత్తింది. నవ్వు బయటికి వినిపించింది.

నీ తల మీద కూడా అదే చేశాను కదా, నీకు ఇష్టం లేదని తెలీలేదు, ఇంకెప్పుడూ నువ్వు రమ్మంటే తప్ప నా చెయ్యి నీ తల మీదికి రాదు అని తలుపు ఇవతల్నించే చెప్పాను.

మే 20

చేతుల మీద కూర్చోవడం నేర్చుకుంటున్నాను. నిజంగానే. టీచర్ రాగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంటాను. అదొచ్చి నా మోచెయ్యికి తల రుద్దుకుని వెళ్తుంది. ఎప్పుడైనా ఒక చెయ్యి తీసి తల నుంచి తోక దాకా ఒక్కసారి, చాలు, మళ్ళీ తొడ కిందకి. పిల్ల కోచింగ్ ఇస్తోంది. చెయ్యి చూపించి ముందు వాసన చూడనివ్వాలట, తోక కొట్టుకుంటే ఆపెయ్యాలట. సెలూన్లో కొత్తవాళ్ళకి నేనిచ్చేదానికంటే బాగా ట్రెయినింగ్ ఇస్తోంది. రెండుసార్లు తిట్టింది కూడా.

వారం రోజులుగా ఒక్క గాటు లేదు. ఓనరమ్మ నా చేతులు అటూ ఇటూ తిప్పి చూసి ట్రాన్స్‌ఫరైందా మీ టీచర్‌కి అంది.

జీరో మాత్రం ఏం మారలేదు. ఇవాళ బూటు మార్చి ఎడమది వాడింది.

జూన్ 1

పొద్దున వెనక దగ్గు వినిపించింది. తిరిగి చూస్తే టోపీ చేతిలో ఉంది.

జుట్టు కళ్ళలోకి పడుతోందట, కొంచెం కత్తిరిస్తారా అంది. వరండాలో స్టూలు వేసి, మెడ చుట్టూ దుప్పటి కట్టి, జీవితంలో మొదటి కటింగ్ చేస్తున్నట్టు చేశాను. టీచర్ గడప మీద కూర్చుని ఇన్‌స్పెక్షన్ చేసింది. అంతా అయింది. నా చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆగిన చేతిని ఏం చెయ్యాలో తెలీక అలాగే గాల్లో పట్టుకున్నాను.

పర్లేదు, చూసుకోండి అంది పిల్ల, వెనక్కి తిరక్కుండానే.

చూశాను. ఒక్క వెంట్రుక కూడా ఎగుడుదిగుడు లేదు. ఉన్నా కనిపించేది కాదు, కళ్ళనిండా నీళ్ళున్నాయి.

జూన్ 7

స్కూళ్ళు వచ్చే వారం తెరుస్తారు. పిల్ల ఇంకా ఏమీ చెప్పలేదు. అమ్మమ్మ ఫోన్ చేసి, అల్లుడు గారూ ఏమంటోంది అని అడిగింది. అడగకూడదని మాటిచ్చానండీ అన్నారు ఆయన. ఆయన అడగరు, నేను అడగను, అది చెప్పదు. ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ టీ తాగాం.

బ్యాగు మంచం మీద లేదు. అల్మారా పైన ఉంది. దానికి అర్థమేమీ ఉండక్కర్లేదు. మంచం మీద అడ్డమని పెట్టి ఉంటుంది.

జూన్ 9

టీచర్ కరిచింది. నన్ను కాదు. పిల్ల దానితో సెలూన్ ఆట ఆడుతూ, ఆఖర్న లెవెల్ చూసిందట.

పిన్నీ, ఇదేం చేసిందో చూడు అని ఏడుస్తూ వేలు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఆయన హాల్లోనే కూర్చుని ఉన్నారు. ఆయన్ని దాటుకునే వచ్చింది.