పెదనాన్న గట్టు దారి

సుమర్నికి,

మీ ఆయన సలాము. ఇక్కడ నేను, మన పాప వెనింగు, పెరట్లో నీ కోళ్ళు అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉండే ఆ పెద్దావిడా చల్లగా ఉండాలని రోజూ నమాజులో అడుగుతున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని ఎవరైనా నవ్వుతారు. కానీ పోయిన నెల మొదలుపెట్టింది నువ్వే. ఫోనులో నీ మొహం కనబడితే నాకు అబద్ధాలు చక్కగా వస్తాయి, కాగితం మీద అంత సులువుగా రావు. తుగినీ సెలవు అయిపోయి మళ్ళీ తైవాన్ వస్తోంది కనుక దీన్నీ, వేయించిన సోయా టెంపె పొట్లాన్నీ ఆమె చేతికిస్తున్నాను. పొట్లంలో సగమే ఉంటే తుగినీని అడుగు, నన్ను కాదు.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు. వెనింగు జ్వరం రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఇప్పుడు తలుపు గొళ్ళెం కంటే ఎత్తయింది. నా వంట తిని ఒక్క మాటా అనదు, పక్కింటికి వెళ్ళి మళ్ళీ తింటుంది.

"మేకపోతు కొమ్ముల్లాంటి హ్యాండిలున్న ఆ సైకిళ్ళు ఏమిటి, ఊళ్ళోవాళ్ళంతా వాటి గురించే చెబుతున్నారు" అని రాశావు. గ్రావెల్ సైకిళ్ళంటారు. తారు రోడ్డు సైకిలుకి రాయంటే భయం, కొండ సైకిలుకి ఒళ్ళు బరువు. ఇది రెండింటికీ నడుమ పుట్టింది. టైరు రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది, గాలి కాస్త తక్కువ కొట్టాలి. మన కొండకి రాళ్ళు పరిచిన పొలాల దారులు ఉన్నాయే, ఎరువు బండ్లు తప్ప ఎవరూ పోనివి, వాటికోసమే చేసినట్టుంటుంది. ఇన్నాళ్ళూ తారు వేయలేదని పంచాయతీని తిట్టుకున్నాం. ఇప్పుడు జోగ్జా పట్నం నుంచి జనం ఆ రాళ్ళ కోసమే వస్తామంటున్నారు.

అక్కడి సైకిల్ సంఘంవాళ్ళు ఆగస్టులో ఇక్కడ పెద్ద సవారీ పెట్టుకున్నారు. నన్ను దారి వెతకమన్నారు. సైకిల్ రిపేరు కొట్టు మధ్యాహ్నాలు మూసి కొండ చుట్టూ తిరిగాను. నువ్వూ నేనూ పెళ్ళయిన కొత్తలో పుట్టగొడుగులు ఏరిన పైన్ తోపు, దాని కింద తేయాకు తోట, అక్కడినుంచి క్యాబేజీ మళ్ళు, వెదురు పొదలు, ఏరు, ఆపైన పొగాకు. ఒక్క రోజులో ఇన్ని రకాల నేల చక్రం కింద మారుతుంటే, పుట్టిన ఊరినే మొదటిసారి చూస్తున్నట్టనిపించింది. దారి మొత్తం చుట్టి మన కలిజాంబు దగ్గరే ముగియాలని నా పట్టుదల. ముగిస్తే వాళ్ళు మన ఊళ్ళోనే తింటారు, మన ఇళ్ళలోనే పడుకుంటారు. సవారీ అయ్యాక కూడా వారం వారం ఎవరో ఒకరు వస్తారు. వంటకు మనిషి కావాలి. ఆ మనిషి ఎవరని నేను అనుకున్నానో నీకు చెప్పక్కర్లేదు. నెలాఖరులోగా ఇంకో మూడేళ్ళకి సంతకం పెట్టాలా అని నువ్వు అడిగావు కదా, దానికి నా దగ్గరున్న జవాబు ఈ దారే.

అంతా కుదిరింది, ఏటికీ తేయాకు తోటకీ మధ్య చిన్న ముక్క తప్ప. అది లేకపోతే లారీలు తిరిగే పెద్ద రోడ్డెక్కాలి. ఆ ముక్క మీ వాగిమాన్ పెదనాన్న పొగాకు పొలం గట్టు.

"పెదనాన్న ఫోను ఎత్తడం లేదు, ఒంట్లో బాగుందా" అని నువ్వు రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ నేను వెనింగు చదువు సంగతి ఎత్తాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆయన ఒళ్ళు దుక్కలా ఉంది. తప్పు నాది.

ఏప్రిల్‌లో ఆయన దగ్గరకెళ్ళి గట్టు అడిగాను. "అలాగేరా, అలాగే. ముందు కాఫీ తాగు, చల్లారిపోతుంది" అన్నాడు. అంటూ నన్ను చూడలేదు, అప్పుడే నాటిన మొక్కలను చూశాడు. మన మనుషుల సంగతి నీకు తెలియనిదా? ఇంటికొచ్చి అడిగినవాడి మొహం మీద కాదనరు. అలాగే అని కాఫీ ముందుకు జరుపుతారు. వచ్చినవాడే అర్థం చేసుకుని మాట వెనక్కి తీసుకోవాలి. పరాయి ఊరివాడైతే తెలియదని సరిపెట్టుకోవచ్చు. నేను ఈ మట్టిలో పుట్టాను. అర్థమైంది. అయినా కాఫీ తాగి, థాంక్స్ చెప్పి వచ్చేశాను.

దారి పరీక్షకని సంఘంవాళ్ళవి పద్దెనిమిది సైకిళ్ళు వచ్చాయి. ముందురోజు వాన పడింది. గట్టు మెత్తబడి ఉంది, చక్రాలు కోసేశాయి. పైమడి నీళ్ళు తెగి కింద నాలుగు మళ్ళ మొక్కలు కొట్టుకుపోయాయి. పరిగెత్తుకెళితే పెదనాన్న నవ్వుతూ, "పర్వాలేదండీ. మీరేం మనసులో పెట్టుకోకండి" అన్నాడు. సుమర్నీ, ఆయన నన్ను మీరన్నాడు. మన పెళ్ళి రోజున కూడా ఒరే అని పిలిచిన మనిషి! చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. మర్నాడు చూస్తే గట్టు మొదట్లో కర్రపెండలం కొమ్మలు వరసగా గుచ్చి ఉన్నాయి. ముళ్ళ కంచె వేయలేదు, రావద్దని బోర్డూ పెట్టలేదు. మూడు వారాలకి అవి చిగురేశాయి కూడా.

ఇక దారి పోయినట్టే అనుకున్నాను. దానికంటే, నీ మొహం ఎలా చూడాలన్నదే భయం. చివరికి పార తీసుకుని, ఎవరినీ అడగకుండా తెల్లవారుతూనే వెళ్ళి గట్టు కట్టడం మొదలుపెట్టాను. రెండు రోజులు ఆయన రాలేదు. మూడో రోజు వచ్చి నా పక్కనే చతికిలబడ్డాడు.

"గట్టు కట్టడం ఎవరు నేర్పారండీ మీకు? బాతుపిల్ల కాలేసినా కూలేట్టుంది."

"పెదనాన్నా, ఆ రోజు మీకు ఇష్టం లేదని నాకు తెలుసు" అన్నాను.

"తెలిసే తీసుకొచ్చారా అందరినీ?"

"తెలిసే."

చేతిలోని మట్టిపెళ్ళ నలిపి గట్టు మీద అద్దాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వాడు. "దొంగవెధవా! ఇన్నాళ్ళూ నీకు తెలివి లేదనుకుని ఊరుకున్నాన్రా. సిగ్గు లేదన్నమాట. సిగ్గైతే తెచ్చుకోవచ్చులే."

లేచి ఇంటికెళ్ళి తన పాత ఇనుప సైకిలు బయటికి లాగాడు. "పద" అన్నాడు.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి లుంగీ ఎగ్గట్టి ముందు పోతుంటే నేను వెనక. శ్మశానం వెనకగా, వెదురు పొదల్లోంచి, ఏటిని రాళ్ళ మీదుగా దాటి, తేయాకు తోట అంచున పైకి ఒక దారి. గడ్డి కమ్మేసింది, కాలితో గీరితే అడుగున బిగించి పరిచిన రాళ్ళు. వయసులో ఉండగా పొగాకు గంపలు కట్టుకుని సంతకి ఆ దారినే వెళ్ళేవాడట. పక్కనే లోయ తెరుచుకుని, అవతల సిందోరో కొండ మొత్తం కనిపిస్తుంది. గట్టు మీంచి అంత ఏమీ కనబడదు.

"ఇన్ని గేర్లు పెట్టుకుని ఆ రొప్పుడేమిట్రా? నాకున్నది ఒక్కటే గేరు, అదీ మోకాలి నొప్పితో ఉంది."

"ఈ దారి ఉందని ఆ రోజే చెప్పొచ్చు కదా పెదనాన్నా!"

"నువ్వు దారెక్కడడిగావురా? నా గట్టు అడిగావు."

పైకి చేరాక గట్టిగా అడిగేశాను, మీరు నిజంగా 'అలాగే' అన్నదీ, మర్యాదకి అన్నదీ ఎలా తెలియాలి అని. "నిజంగా అనేవాడు కూర్చుని ఉండడు. లేస్తాడు" అన్నాడు. అని మళ్ళీ సైకిలెక్కాడు.

ఊరంతా కలిసి గడ్డి చెక్కాం. సంఘంవాళ్ళు వచ్చి చూసి దారి ఖాయం చేశారు. ఉత్తరం ఇక్కడే ఆపితే సంతోషంగా ఉండేది. కానీ ఆయన మాట విన్న దగ్గర్నుంచి నాకు ఇంకో సాయంత్రం గుర్తొస్తోంది.

మూడేళ్ళ కిందట వంటింట్లో నువ్వు కొబ్బరి తురుముతున్నావు. నేను గుమ్మంలో నిలబడి, "తైవాన్ వెళతావా?" అన్నాను. "అలాగే" అన్నావు. తల ఎత్తలేదు, లేవలేదు. ముక్క అయిపోయినా తురుముతూనే ఉన్నావు, వేలు గీసుకుపోయింది. నేను గుడ్డ కట్టాను. మర్నాడు పొద్దున్నే ఏజెంటు దగ్గరకెళ్ళి నీ పేరు రాయించి వచ్చాను.

నాకు తెలుసు సుమర్నీ. ఆ రోజు కూడా తెలుసు. తెలిసే కాఫీ తాగి వచ్చేసినవాణ్ణి. నీ గట్టు మీంచి మూడేళ్ళు నడిచాను. క్షమించు.

ఇప్పుడు నిన్ను రమ్మనాలని నోటిదాకా వస్తోంది. అన్నానంటే నువ్వు మళ్ళీ 'అలాగే' అంటావు, అది మనసులోదో మర్యాదో నాకు తెలియదు. కాబట్టి అనను. ఆ పెద్దావిడకి నువ్వంటే ప్రాణమని రాశావు, నీ చేతిలో నీ జీతం ఉండటం నీకు బాగుందనీ రాశావు. ఉండాలని ఉంటే ఉంటానని రాయి. నేనూ వెనింగూ ఏడుస్తాం, బతుకుతాం. వంటకి మనిషిని ఇంకా మాట్లాడలేదు, ఆగస్టు దాకా మాట్లాడను కూడా.

నీకు రావాలని ఉంటే మాత్రం ఒప్పుకుంటున్నట్టు రాయొద్దు. ఉత్తరం పక్కన పెట్టి, లేచి, మంచం కింద పెట్టె బయటికి లాగు. లాగావన్న ఒక్క మాట రాయి, చాలు. ఈ కొండ ఎక్కే ప్రతి రాయీ నేను చూసుకుంటాను.

ఇట్లు,
తురిమిన కొబ్బరి చూస్తే చాలు తల దించుకునే
వెనింగు వాళ్ళ నాన్న,
గియాంతో